తొక్కి చూసినవారు

బెండు బాబాయి సైకిల్ షాపులో ఒక నియమం ఉండేది. బాగుచేసిన సైకిల్ని ఆయన తొక్కి చూడడు. ఎవరి బండి వాళ్లే తొక్కి చూసుకోవాలి.

"నేను తొక్కితే నాకు బాగుంటుంది. మీకు బాగుండాలి కదా? ఎవరి కాళ్లు వాళ్లవి," అనేవాడు చేతుల గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ.

వంకరపోయిన చక్రాన్ని సరిచేయడాన్ని ఆ పనిలో బెండు తీయడం అంటారు. అందులో ఆయనకు సాటి వచ్చేవాడు ఆ చుట్టుపక్కల లేడు. స్పోకుల్ని ఒక్కొక్కటే వేలితో మీటి, చెవి ఒగ్గి విని, బిగువు ఎక్కడ తగ్గిందో చెప్పేసేవాడు. ఆ పేరు అలా వచ్చింది. అంతటి పనివాడు పెట్టిన నియమం కాబట్టి జనం దాన్ని కూడా ఆయన నిజాయితీ ఖాతాలోనే వేసేవారు. అసలు సంగతి భార్యకు తప్ప మరొకరికి తెలియదు. యాభై రెండేళ్ల బెండు బాబాయికి సైకిల్ తొక్కడం రాదు.

పాఠకులకు నవ్వు రావచ్చు. రావద్దని అనను. అయితే ఆ నవ్వు దగ్గరే ఈ కథ మొదలైందని మాత్రం గుర్తుంచుకోవాలి. పన్నెండేళ్లప్పుడు ఆయన ఒకసారి సైకిలెక్కి వీధి మలుపులో పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. అది వారంలో మానింది. మెట్ల మీద కూర్చున్నవాళ్లు కడుపుబ్బ నవ్వారు. అది మానలేదు. ఎవరూ చూడనప్పుడు నేర్చుకుందాం అనుకుంటూ ఉండగానే మేనమామ షాపులో పనికి కుదిరాడు, పనిమంతుడన్న పేరు తెచ్చుకున్నాడు. పేరొచ్చాక అడగడం మరీ కష్టమైంది. ఊళ్లో సైకిళ్లన్నిటికీ వైద్యం చేసేవాడు ఎవరి దగ్గరికి వెళ్లి, "కాస్త వెనక సీటు పట్టుకుంటారా" అంటాడు?

ఒక ఉదయం దర్జీ పని చేసే ఒకావిడ కూతురి సైకిల్ని పంక్చరు వేయించడానికి నెట్టుకుంటూ వచ్చింది. ఆవిడకు నలభై అయిదు దాటి ఉంటాయి.

"అన్నయ్యా, ఇప్పుడు నేర్చుకుంటే నాకొస్తుందంటారా? పొద్దస్తమానం మిషను ముందు కూర్చుని నడుము పట్టేస్తోంది. ఒంట్లో బరువు కూడా పెరిగిపోతోంది," అంది ట్యూబు వంక చూస్తూ.

అక్కడ తమ వంతు కోసం నిలబడ్డ ముగ్గురూ నవ్వారు. "వెనకాల రెండు చిన్న చక్రాలు బిగించమను అక్కా, పిల్లలకి బిగిస్తారే, అవి!" అన్నాడొకడు. అందరికంటే గట్టిగా నవ్వింది బెండు బాబాయే. "ఈ వయసులో ఎందుకొచ్చిన తిప్పలు తల్లీ? పడితే ఎముకలు అతకవు," అన్నాడు.

ఆవిడ కూడా వాళ్లతో పాటు నవ్వేసి, గాలి నింపిన సైకిల్ని మళ్లీ నెట్టుకుంటూనే వెళ్లిపోయింది. తన లోపం దాచుకోవడానికి ఎదుటివాళ్లను చూసి నవ్వడమంత సులువైన దారి ఇంకొకటి లేదు. బాబాయి ఆ దారి ఏళ్ల తరబడి వాడుతున్నాడు. అలా ఎంతమంది వెనక్కి తిరిగిపోయారో ఆయన ఏనాడూ ఆలోచించలేదు.

ఆ నెలలోనే భార్యాభర్తలిద్దరూ ఆరోగ్య కేంద్రంలో పరీక్షలు చేయించుకున్నారు. ఇద్దరికీ చక్కెర ఉంది. ఆయనకు కాస్త ఎక్కువే ఉంది, పైగా రక్తపోటు. డాక్టరమ్మ కాగితాలు చూసి, ఆయన బొజ్జ చూసి, "రోజుకి ఎన్ని గంటలు కూర్చుంటారు?" అని అడిగింది.

"చిన్న పీట మీదమ్మా. పది పన్నెండు గంటలు."

"ఊళ్లో చక్రాలన్నీ తిరిగేలా చేస్తారు, మీరు మాత్రం కదలరు. అయినా మీకేం, చేతి కింద బోలెడు సైకిళ్లు. రోజూ అరగంట తొక్కండి."

"అలాగేనమ్మా," అన్నాడు బాబాయి. పక్కన భార్య పెదవి కొరుక్కుంది.

డాక్టరమ్మ ఊరికే చెప్పి వదిలే రకం కాదు. మార్కెట్ వెనక సిమెంటు నేల మీద, పొద్దున్నే దుకాణాలు తెరవకముందు, పెద్దవాళ్లకు సైకిల్ నేర్పే ఏర్పాటు చేసింది. నేర్పడానికి ట్రాఫిక్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఒక హెడ్ కానిస్టేబులు ఒప్పుకుంది. ఆవిడని అందరూ హెడ్డమ్మ అంటారు. ఇళ్లలో మూలపడ్డ సైకిళ్లు పది పోగయ్యాయి. వాటిని బాగుచేసే పని సహజంగానే బెండు బాబాయికి వచ్చింది.

భార్య మొదటిరోజే పేరు రాయించుకుని వచ్చింది.

"నీకేమన్నా మతిపోయిందా? నలుగురూ నవ్వుతారు," అన్నాడాయన.

"నవ్వనివ్వండి. వాళ్ల నవ్వుకి నా చక్కెర పెరగదు కదా! మీరూ రండి."

"నేనా? ఆ మాట ఇంకెక్కడా అనకు," అని గొంతు తగ్గించాడు, ఇంట్లో వాళ్లిద్దరే ఉన్నా.

హెడ్డమ్మకు ప్రతిదీ పద్ధతిగా ఉండాలి. పది సైకిళ్లకూ పది కార్డులు కట్టించింది. బ్రేకులు, గొలుసు, గంట, వెనక ఎర్ర దీపం, ఒక్కొక్కదానికీ ఒక్కో గడి. అన్నిటికంటే కింద ఒక గీత, దాని పక్కన "తొక్కి చూసినవారు" అని ఉంది. బాబాయి పది సైకిళ్లనీ తలకిందులుగా నిలబెట్టాడు, చక్రాలు చేత్తో తిప్పి బ్రేకులు పట్టి చూశాడు. అన్నీ టక్కున ఆగాయి. బెండు మచ్చుకైనా లేదు. కిందున్న గీత దగ్గరికి వచ్చేసరికి చేయి ఒక్క క్షణం ఆగింది. పని బాగానే చేశాను కదా అనుకుని పదింటి మీదా సంతకం పెట్టేశాడు.

బడి మొదలైంది. మొదటిరోజు ఇరవై మంది వచ్చారు. బ్యాంకు గుమాస్తా, ఇద్దరు నర్సులు, బాబాయి భార్య, ఆమె పట్టుబట్టి లాక్కొచ్చిన దర్జీ ఆవిడ. హెడ్డమ్మ ముందు పెడళ్లు విప్పించి, సీట్లు కిందికి దింపించి, కాళ్లతో నేలను తోసుకుంటూ వెళ్లమంది. "నా దగ్గర మొదటి పాఠం ఆగడం. ఆగడం వచ్చాకే వెళ్లడం," అనేది. రెండో వారానికి పెడళ్లు మళ్లీ బిగించారు. సుద్దతో నేల మీద కార్లు గీసి, ఆగి ఉన్న కారుకి తలుపు తెరిచేంత ఎడం ఇచ్చి వెళ్లడం, మలుపుకి ముందు భుజం మీదుగా వెనక్కి చూసి చేయి చాపడం నేర్పింది. దర్జీ ఆవిడ నేల చుట్టూ ఒక రౌండు ఆపకుండా తొక్కిన రోజున ఆవిడ మొహం చూడాలి!

మూడో వారంలో, లారీలు సరుకు దించే ఏటవాలు మీద సాధన పెట్టారు. బాబాయి భార్య ఏడో నంబరు సైకిలెక్కి కిందికి దిగుతూ బ్రేకు పట్టింది. సైకిల్ ఆగలేదు. గోడ వచ్చేస్తోందని పక్కకు తిప్పి పడిపోయింది. మోచేతి ఎముక చిట్లింది. కట్టు కట్టారు.

ఆ సాయంత్రం బాబాయి ఏడో నంబరుని షాపుకి తెచ్చుకుని చక్రం తిప్పి బ్రేకు పట్టాడు. టక్కున ఆగింది. తర్వాత సీటు మీద తన బరువంతా ఆనించి, బ్రేకు పట్టి ముందుకు తోశాడు. చక్రం జారుకుంటూ పోయింది. బ్రేకు రబ్బర్లు చూడ్డానికి మందంగానే ఉన్నాయి గానీ ఎన్నేళ్ల నుంచో మూలపడి రాయిలా గట్టిపడ్డాయి. ఉత్త చక్రాన్ని ఆపగలవు, మనిషి ఎక్కిన చక్రాన్ని ఆపలేవు. చదును నేల మీద నెమ్మదిగా తొక్కే కొత్తవాళ్లు కాలు కూడా ఆనించి ఆగేవారు కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. పనిమంతుడు పది అడుగులు తొక్కి చూసి ఉంటే తెలిసిపోయేది.

ఇంటికి వెళ్లి భార్య పక్కన కూర్చున్నాడు.

"ఎక్కేముందు కార్డు చూశావా?"

"చూశాను."

"నా సంగతి తెలిసి కూడా ఎందుకెక్కావు?"

"పదింటి మీదా అదే సంతకం ఉందిగా. వాలు మీద మొదట ఎవరో ఒకరు దిగాలి. తెలిసినదాన్ని కాబట్టి నేనే దిగాను." ఆమె కట్టు ఉన్న చేతిని ఒళ్లో సర్దుకుంది. "ఇన్నేళ్లూ మీ పరువు కాపాడుతూనే వచ్చానండీ. నేనూ నోరు మూసుకున్నాను, నాదీ తప్పే. ఇవాళ నా మోచేయి పోయింది. రేపు ఇంకొకరి తల పగిలితే?"

ఆయన కళ్లు తుడుచుకోవడం ఆమె చూసింది గానీ చూడనట్టు ఊరుకుంది.

మర్నాడు పొద్దున్న సిమెంటు నేల మీద ఒక్క సైకిలూ కదల్లేదు. మార్కెట్ కార్యదర్శి వచ్చి నిలబడ్డాడు. "డాక్టరు గారూ, మంచి పనే, కాదనను. కానీ ఈ వయసువాళ్లకి ఇవన్నీ కుదరవండి. ఇవాళ చేయి విరిగింది. రేపు ఇంకేమన్నా అయితే నా మెడకి చుట్టుకుంటుంది. ఇక్కడితో ఆపేయండి."

"తప్పు సైకిలుది కాదండి, నేనే బ్రేకు సరిగ్గా పట్టలేదు," అంది బాబాయి భార్య. అలవాటైన నోరు మరి.

"అదే నేననేదీ. వయసు," అన్నాడు కార్యదర్శి.

దర్జీ ఆవిడ తల దించుకుని, తాను పట్టుకున్న సైకిల్ని గోడకి ఆనించింది. "నాకు షాపులో ముందే చెప్పారు లెండి, ఈ వయసులో వద్దని," అని చెప్పులేసుకోబోయింది.

ఆ మాట బాబాయికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. తాను నోరు విప్పకపోతే ఈ నేల ఖాళీ అయిపోతుంది, ఈ ఇరవై మందీ మళ్లీ ఇళ్లకీ కుర్చీలకీ పోతారు, ఇంకెప్పుడూ సైకిల్ వంక చూడరు. విప్పితే నలభై ఏళ్లుగా దాచుకున్న పరువు పోతుంది. ఆయన ఏడో నంబరు కార్డు విప్పి చేత్తో పట్టుకుని ముందుకొచ్చాడు.

"అమ్మా, వెళ్లకు. మా ఆవిడ బ్రేకు సరిగ్గానే పట్టింది. రబ్బర్లు పాడైపోయాయి, నేను కనిపెట్టలేదు. తొక్కి చూశానని ఇక్కడ సంతకం పెట్టాను. అది అబద్ధం. నేను తొక్కలేదు. నాకు... నాకు సైకిల్ తొక్కడం రాదు."

ఏదో సరదాకి అంటున్నాడనుకుని గుమాస్తా ఫక్కున నవ్వాడు. బాబాయి మొహం చూసి ఆ నవ్వు సగంలో మింగేశాడు. ఇంకెవరూ నవ్వలేదు. నలభై ఏళ్లుగా ఆయన భయపడింది ఈ క్షణానికే. అది వచ్చింది, అయిపోయింది.

హెడ్డమ్మ జాలి చూపించలేదు. మిగిలిన తొమ్మిది కార్డులూ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "పదింటి మీదా ఉన్న మీ సంతకాల మీద మీ చేత్తోనే అడ్డగీత కొట్టేయండి. అన్నీ మళ్లీ చూడాలి. సరిచేసేది మీరు, తొక్కి చూసేది నేను. అది అయ్యాక మీరు కూడా ఈ వరసలో నిలబడాలి." తర్వాత కార్యదర్శి వైపు తిరిగింది. "విన్నారుగా? ఆవిడ పడింది వయసు మీద పడి కాదండీ. ఒక పెద్దమనిషి రాదని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు మనందరం కలిసి నేర్పిందే. రాదన్నవాణ్ణి చూసి నవ్వుతాం కదా, అందుకే ఎవరూ రాదనరు."

కార్యదర్శి కాసేపు గడ్డం గోక్కుని, వాలు మీద మాత్రం వద్దని, కింద నేల మీద కానివ్వమని వెళ్లిపోయాడు. సైకిళ్లన్నిటికీ కొత్త రబ్బర్లు పడ్డాయి.

బాబాయి తన సైకిలుకి తానే పెడళ్లు విప్పుకుని, సీటు దింపుకుని వరసలో నిలబడ్డాడు. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. కళ్లు ఎప్పుడూ ముందు చక్రం మీదే. ఇన్నేళ్ల పని అలవాటు, తిరిగే చక్రం కనిపిస్తే బెండు వెతకాల్సిందే. చక్రం వంక చూడగానే సైకిల్ ఊగేది, కాలు కింద పడేది.

"చక్రాన్ని ఎందుకు చూస్తారండీ, అది ఎక్కడికీ పోదు. దారి చూడండి!" అని కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని అరిచేది భార్య, గోడ పక్కన పెట్టె మీద కూర్చుని. రెండుసార్లు పడ్డాడు. రెండుసార్లూ దర్జీ ఆవిడే సైకిల్ లేపి ఇచ్చింది, షాపులో తాను పడిన మాట ఒక్కసారి కూడా ఎత్తకుండా.

పదకొండో రోజున ఆయన తల ఎత్తి, దారి చూసి, ఆ నేలంతా ఒక చుట్టు తొక్కాడు. బ్రేకు పట్టి ఆగాడు. ఆగిన చోటే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నాలుగు నెలలయ్యింది. ఆదివారం పొద్దున్నే ఆ బడి వాళ్లంతా ఒకరి వెనక ఒకరు, మెరిసే పట్టీలు కట్టుకుని, మలుపుల దగ్గర చేతులు చాపుతూ ఊరి చుట్టూ వెళ్తున్నారు. భార్య చేయి అతికింది, ఆమే ముందు వెళ్తుంది. బాబాయి చక్కెర మాయమైపోలేదు గానీ దిగింది. బెల్టు రెండు రంధ్రాలు లోపలికి వచ్చింది. షాపు నియమం కూడా మారింది. బాగుచేసిన ప్రతి సైకిల్నీ ఆయన వీధి చివరిదాకా తొక్కి చూసి, కార్డు మీద సంతకం పెట్టి ఇస్తున్నాడు.

మొన్న ఒక పెద్దాయన మనవరాలి సైకిల్ తెచ్చి, దాని హ్యాండిల్ నిమురుతూ చాలాసేపు నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, ఎవరూ వినడం లేదనుకున్నాక నెమ్మదిగా అడిగాడు.

"ఈ వయసులో నేర్చుకుంటే వస్తుందంటావా బాబాయ్?"

వంతు కోసం నిలబడ్డవాళ్లలో ఒకడు నవ్వబోయాడు. బెండు బాబాయి పానా కింద పెట్టి వాడి వంక చూశాడు. వాడు నోరు మూసుకున్నాడు. అప్పుడు వీధి మొత్తానికి వినపడేలా అన్నాడు.

"ఎందుకు రాదు అన్నయ్యా? రేపు పొద్దున్న ఆరింటికి మార్కెట్ వెనక్కి వచ్చెయ్. నాకు రాదని చెప్పడానికి నలభై ఏళ్లు పట్టింది. నేర్చుకోవడానికి పట్టింది పదకొండు రోజులు."