దీనమ్మ దస్తూరి

మధ్యాహ్నం మూడింటికి దీనమ్మ ఆ రోజుకి తొమ్మిదో ముసలాయన్ని మంచం మీంచి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టింది. మణికట్టు కలుక్కుమంది. గుంటూరులో ఆమె పదకొండేళ్ళు నర్సు. ఈ దేశంలో నర్సు పరీక్ష పాసయ్యేదాకా ఆ వృద్ధుల ఆసుపత్రిలో ఆయా. గంటకి నాలుగు డాలర్ల పది సెంట్లు. ఆమెకి కారు నడపడం రాదు. నేపర్‌విల్‌లో ఆ దారిన బస్సు లేదు. పొద్దున్నే అయిదున్నరకి విజయశ్రీ దిగబెడితేనే ఉద్యోగం.

ఇవాళ విజయశ్రీ ఆమెని ఇంటికి కాకుండా తన ఇంటికే తీసుకెళ్ళింది. ‘పలకరింపు’ పత్రిక సోమవారం జిరాక్స్‌కి వెళ్ళాలి. విజయశ్రీ భర్త కృష్ణమోహన్ దాని ఎడిటరు.

ఆ ఊరి తెలుగు మిత్రమండలిలో ఎవరి దగ్గరా తెలుగు టైపు మిషను లేదు. నెలనెలా పత్రికంతా దీనమ్మే చేత్తో రాస్తుంది. అది నూట నలభై ఇళ్ళకి వెళ్తుంది. తెలుగు క్లాసులో పిల్లలు దిద్దే అక్షరాలూ ఆమెవే.

మొదట్లో ఉత్తరాల పేజీలో ‘మిత్రులు మన్నించాలి, నా అభిప్రాయం వేరు’ అని రాసుకునేవాళ్ళు. నిరుడు ఆగస్టులో ఇండియాలో ప్రభుత్వం కూలింది, ఇక్కడ ‘గారు’ రాలిపోయింది. దసరాకి పార్టీ గొడవ కాస్తా మతం గొడవయింది. అందరూ పెద్ద చదువులవాళ్ళే. ఆఫీసులో బాసు ముందు గొంతు పెగలదు. ఇక్కడికొచ్చేసరికి ప్రతివాడూ సింహమే. డాక్టర్ జగదీష్ చర్చివాళ్ళని బియ్యానికి అమ్ముడుపోయినవాళ్ళన్నాడు. దీనమ్మ చర్చి పెద్ద ప్రేమానందం మాత్రం తక్కువ తిన్నాడా? ‘రాళ్ళకి మొక్కే సైతాను సంతానం’ అని జవాబిచ్చాడు.

రెండూ దీనమ్మే రాసింది. తప్పులు దిద్ది, మార్జిన్ సమంగా పెట్టి, ముత్యాల్లా రాసింది. మాట వాళ్ళది, రాతే కదా నాది అనుకుంది.

“జగదీష్‌ది ఈసారి పొడుగే ఉందండీ,” అన్నాడు కృష్ణమోహన్, ఉత్తరం ఆమె ముందు పెట్టి. “ఉగాది స్పెషల్.”

ఆమె చదవకుండానే రాయడం మొదలుపెట్టింది. అదే ఆమె అలవాటు. చేతులు నొప్పిగా ఉన్నప్పుడు బుర్రకి కూడా పని పెట్టదు.

కృష్ణమోహన్ కూతురు ఉష వచ్చి భుజం మీదుగా తొంగి చూసింది. తొమ్మిదేళ్ళ పిల్ల. అచ్చు పుస్తకం చదవలేదు, దీనమ్మ రాస్తే చదువుతుంది.

“వీళ్ళ... ఇళ్ళలో... పిల్లల్ని... తిననివ్వకండి,” కూడబలుక్కుంది. “ఎవరి ఇళ్ళు ఆంటీ? వై? ఫుడ్ బాలేదా?”

దీనమ్మ కలం ఆగింది. అప్పుడు ఉత్తరం చివరిదాకా చదివింది. ఉగాది విందుకి ఎవరు వండి తెస్తున్నారో మనవాళ్ళకి తెలియాలట. కింద చర్చికి వెళ్ళే పదకొండు కుటుంబాలు, ఫోను నంబర్లతో సహా. మూడో పేరు తనది. ఆఖరిది వసంతకుమారిది. పోయినవారం వసంతకుమారి ఇంటి ముందు మెయిల్‌బాక్సుని ఎవరో ఇనప రాడ్డుతో కొట్టి వంచేశారు. ఎవరో అల్లరి పిల్లలు అనుకున్నారందరూ.

మండలి డైరెక్టరీ రాసింది కూడా దీనమ్మే. ఆ నంబర్లన్నీ అందులోవే.

“ఏందండీ ఇది?”

“డిబేట్ అండీ. ఫ్రీ కంట్రీ. ప్రేమానందం గారు ఆన్సర్ పంపితే అదీ వేస్తాం.”

“ఆయనదీ రాయకుండా ఉండాల్సింది. రాశా. తప్పే. ఇది మాత్రం నేను రాయనండి.”

“అబ్బా, మీరు జస్ట్ కాపీ చేయడమే కదండీ. మిమ్మల్నెవరంటారు?”

“మూడో పేరు చూశారా?”

“చూశాను. మీ గురించి అందరికీ తెలుసు. మీరు వేరు.”

“నేనేం వేరు కాదండీ. నిరుడు ఉగాదికి పులిహోర తెచ్చింది నేనే. మీరు రెండుసార్లు పెట్టించుకున్నారు.”

వంటింట్లో విజయశ్రీ కిసుక్కున నవ్వి, మొగుడు చూసేసరికి ఊరుకుంది.

దీనమ్మ కలానికి మూత పెట్టి, తలుపు దగ్గర స్నో బూట్లు తీసుకుంది. కృష్ణమోహన్ కాసేపు కాగితం వంక చూశాడు.

“ఉషా, కమ్ హియర్. నీ రైటింగ్ అచ్చం ఆంటీదే కదా. ఈ నేమ్స్ రాసెయ్. డాలరిస్తా.”

పిల్ల సంబరంగా కూర్చుంది. నాలుక కొస బయటపెట్టి మొదటి పేరు రాసింది. రెండోది రాసింది. దీనమ్మ ఒంటి బూటుతో నిలబడి చూస్తోంది. ఆ వంకర్లు, ఆ తలకట్లు తనవే. ఆ పిల్ల మణికట్టు పట్టుకుని తనే దిద్దించింది.

ఆమె ఒంటి బూటుతోనే కుంటుతూ వెళ్ళి, మూడో పేరు రావలసినచోట అరచెయ్యి పెట్టింది.

“చెయ్యి తియ్యండి దీనమ్మగారూ.”

“తియ్యను.”

“పిల్ల ముందు సీన్ చేయకండి.”

“పిల్ల ముందు కాబట్టే తియ్యడంలేదండీ.”

ఉష కలం గాల్లో పట్టుకుని ఇద్దరి మొహాలూ చూసింది. బయట మంచు అడ్డంగా కొడుతోంది.

“విజయా,” అన్నాడు కృష్ణమోహన్, దీనమ్మ మీంచి చూపు తిప్పకుండా. “రేపు మార్నింగ్ నువ్వెక్కడికీ డ్రైవ్ చేయక్కర్లేదు.”

దీనమ్మని దిగబెట్టడానికి వంటింట్లోంచి వచ్చిన విజయశ్రీ చేతిలో కారు తాళాలున్నాయి. ఆమె దీనమ్మ వంక చూసింది. తల దించుకుంది. గోడనున్న కొక్కేనికి తాళాలు తగిలించిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

దీనమ్మ చెయ్యి కాగితం మీదే ఉంది.