పారాచూట్ పరీక్షకు రెండో మనిషి

మా రాకెట్ క్లబ్బులో ఒక నియమం ఉంది. పారాచూట్ పరీక్ష ఎవరూ ఒంటరిగా చెయ్యకూడదు. ఒకరు మీట పట్టుకోవాలి, ఇంకొకరు చుట్టూ చూస్తూ పది నుంచి కిందికి లెక్కపెట్టాలి. కుక్కో, సైకిలో అడ్డం వస్తే లెక్క ఆపాలి. 2021 ఫిబ్రవరిలో కరోనా వల్ల సర్కారువారికీ ఒక నియమం ఉండేది. బయటి మనిషిని ఒక్కరిని మాత్రం కలవొచ్చు. రెండు నియమాలకీ పేచీ లేదు. నాకు కావలసిందీ ఒక్కరే. ఆ ఒక్కరు ఎవరన్నదే చిక్కు.

జర్మనీలో, ఇంగోల్‌స్టాట్‌లో నాలుగేళ్ళుగా కార్ల ఇంజనీరుని. ఏడాదిగా నా ఆఫీసు వంటింటి బల్ల మీదే. నేను మాట్లాడే మనుషులంతా తెరలో భుజాల దాకానే ఉంటారు. నిలువెత్తున ఉన్నది నా రాకెట్ ఒక్కటే. పైకి వెళ్ళాక దాని ముక్కు ఊడి పారాచూట్ బయటికి రాకపోతే అంత రాకెట్టూ వచ్చి నేలలో దిగబడుతుంది. అందుకని ముందే నేల మీద పడుకోబెట్టి, లోపలి చిన్న సిలిండర్‌లోని గ్యాస్ ఆ ముక్కును తొయ్యగలదో లేదో చూడాలి. ఇది నెగ్గితేనే వసంతంలో ఎగరెయ్యనిస్తారు. రెండు చలికాలాలు దానికి పోశాను. అదీ లేకపోతే ఈ ఊళ్ళో నాకేముందని?

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కదా, సిగ్గు విడిచి గీతికకు ఫోన్ చేశాను. ఈ ఊళ్ళో నాకున్న స్నేహితురాలు అంటే తనే.

"నాకు వీలు కాదే మనోజ్ఞా! పిల్ల పోయే కితా బడి బంద్ ఉంది గదా, దాన్ని చూసుకోనీకి పక్కింటామె వస్తది. మా ఒక్కరి కోటా ఆమెతోనే అయిపోయింది. ఆగు, మన తెలుగోళ్ళ గ్రూపుల అడుగుతా."

గ్రూపులో దొరికినాయన వెంకటరామారావుగారు. తణుకులో బియ్యం కొట్టు నడిపిన మనిషి. నిరుడు కొడుకు దగ్గరికి మూడు నెలలకని వచ్చి ఇక్కడే ఇరుక్కుపోయారు. ఆదివారం పొద్దున్న కొడుకు ఆయన్ని పొలం గట్టున దింపి వెళ్ళిపోయాడు. మంకీ క్యాపు, దాని కింద కొంగ ముక్కులాంటి మాస్కు. ఇద్దరం దూరదూరంగా నిలబడి నమస్కారాలు పెట్టుకున్నాం.

"మనవలు జర్మన్‌లోనే మాట్టాడుకుంటారమ్మా. నాకు తెలుగులో పని చెప్పింది నువ్వే," అన్నారు.

రాకెట్‌ను దిమ్మ మీద పడుకోబెట్టి, వైర్లు లాగి, మీట పట్టుకుని కూర్చున్నాను. ఆయన నాలుగు దిక్కులూ చూసి గట్టిగా మొదలుపెట్టారు. "పది, తొమ్మిది, ఎనిమిది, ఆరున్నొక్కటి, ఆరు, అయిదు, నాలుగు, మూడు, రెండు, లాభం."

నేను ఎదురుచూస్తున్నాను. ఆయనా ఎదురుచూస్తున్నారు.

"ఏమ్మా, పేల్లేదే?"

"మీరింకా ఒకటి అనలేదుగా!"

"లాభం అన్నాను కదా! కుంచం కొలిచే నోరమ్మా ఇది. ఒకటి అంటే ఒకటితోనే ఆగిపోతుందని లాభం అంటాం."

నవ్వు ఆపుకోలేకపోయాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. ఈసారి మామూలు అంకెలే చెప్పమన్నాను.

"ఆరున్నొక్కటి కూడా వద్దా? ఆడపిల్లను పట్టుకుని ఏడు అని ఎలా అనను?"

"అనండి, ఏం కాదు."

"పది, తొమ్మిది, ఎనిమిది…" ఆయన నా వైపు చూశారు. గొంతు తగ్గించి, "ఏడు," అన్నారు.

ఏడ్చాను. అంకె అని తెలుసు. తెలిసే ఏడ్చాను. ఏడాదిలో ఒక్క మనిషీ నా ఎదురుగా నిలబడి నన్ను చూసి మాట్లాడలేదు, నేనూ ఎవరి ముందూ ఏడవలేదు. మాస్కు తడిసి ముక్కుకు అంటుకుంది.

ఆయన ఒక అడుగు వేసి ఆగారు. "దగ్గరికి రావచ్చా అమ్మా?"

"వద్దండీ. మీకు మంచిది కాదు."

ఆయన అక్కడే నిలబడ్డారు. మళ్ళీ పది నుంచి ఎత్తుకున్నారు. ఈసారి బియ్యం కొట్టు లెక్కే. నేను కళ్ళు తుడుచుకుని, లాభం దగ్గర మీట నొక్కాను. ధన్ మని ముక్కు ఊడి ఎగిరింది, దాని వెనకాలే పారాచూట్ మొత్తం బయటికి వచ్చి మంచు మీద పరుచుకుంది. ఆయన చప్పట్లు కొట్టారు.

వైర్లు చుడుతుంటే దూరంగా కొడుకు కారు కనిపించింది.

"వచ్చే ఆదివారం కూడా రావాలండీ," అన్నాను గబగబా. "ఇది రెండుసార్లు చెయ్యాలి."

ఆయన ముఖం వెలిగింది. "అయ్యో తల్లీ, గురువారం నా ఫ్లైటు! టికెట్టు దొరికింది. ఇంటికి పోతున్నాను." అంతలోనే నొచ్చుకున్నారు. "మరి నీ రెండోసారికి ఎలాగమ్మా?"

"పర్లేదండీ," అన్నాను. "ఒక్కసారి చాలు."

నిజానికి క్లబ్బు రూలు కూడా అదే.