పడవకు కట్టిన పొతి

కేరళలోని మునంబం రేవులో ట్రాలర్లన్నీ ఒకదానికొకటి తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. వానాకాలపు వేట నిషేధం. సముద్రం మీదికి పోవడానికి లేదు. రేవు మొత్తం కునుకుతున్నా, మత్స్య సంఘం ఆఫీసు మేడ మీద జొవీటాకు మాత్రం ఊపిరి సలపడం లేదు. నిషేధం ఎత్తేసే రోజు దగ్గరకొచ్చేసింది.

సంఘం పడవలన్నింటిలోనూ చుక్కాని పక్కన ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. అడుగున రాళ్ళెక్కడున్నాయో, మునిగిన ఓడలెక్కడున్నాయో, వల ఎక్కడ చిక్కుకుంటుందో అది చూపిస్తుంది. ఆ పటం చూపించే ప్రోగ్రామును ఒక్కదాన్నే పంపితే పనిచేయదు. ఇతరులు రాసిన చిన్నాచితకా ప్రోగ్రాములు ఎన్నో దానికి తోడుండాలి. అన్నిటినీ కలిపి మూటగట్టి పంపాలి. కంటైనర్ అంటారు దాన్ని. ఇన్నేళ్ళూ ఆ మూటలు కట్టింది హబీబ్. సంఘంలో కంప్యూటర్ల వ్యవహారానికి ఆయనే పెద్ద. ఏది ఎప్పుడు కావలసొస్తుందోనని చేతికందినవన్నీ కూరేవాడు. మూట ఒక సినిమా అంత బరువుండేది. రేవులో ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. పడవ లోతుకు పోయాక, ఆ ఒక్క గీత సిగ్నల్ మీద సగంలో తెగిపోయేది.

పోయినేడు ఒక బార్జి మునిగింది. దాని జాడ పెట్టి పంపిన మూట పత్రోస్ అనే పెద్దవయసు జాలరి పడవకు అందలేదు. అతని కొత్త వల ఆ బార్జి మీదే పీలికలైపోయింది. రేవులో ఆ పీలికలు పరుచుకుని కూర్చున్న పత్రోస్‌ను జొవీటా చూసింది. ఆ రోజే ఈ పని మొదలుపెట్టింది.

ఆమె తయారుచేసిన పనిముట్టు మూటను తనంతట తనే కడుతుంది. ప్రోగ్రామును నడిపిస్తుంది, అది వేటిని ముట్టుకుంటుందో కనిపెట్టి చూస్తుంది, ముట్టుకున్నవాటినే ఏరి కడుతుంది. సినిమా అంత మూట ఒక పాటంత అయింది. పనిముట్టుకూ, అది కట్టే మూటకూ పొతి అనే పేరు పెట్టింది. పడవవాళ్ళు అరిటాకులో కట్టుకుపోయే అన్నం పొట్లాన్ని అక్కడ అలాగే అంటారు.

"నీ పొతిలో కాస్త పచ్చడన్నా పెట్టావా, ఉత్త అన్నమేనా?" అన్నాడు హబీబ్.

"తినేవన్నీ పెట్టాను హబీబిక్కా. మీలాగా రోలూ, పొయ్యీ, గ్యాసు బండా కట్టలేదంతే," అంది జొవీటా. ఇక్కా అంటే అక్కడివాళ్ళ మాటలో అన్న.

"పొయ్యి ఉంటే ఏం కావాలంటే అది వండుకోవచ్చు."

"మీ పొయ్యి ఎప్పుడూ రేవు దాటదుగా. వండుకునేదెక్కడ?"

హబీబ్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "సరే. సీజను మొదటిరోజు పత్రోస్ పడవలో నీదే ఉంటుంది. తెర ఒక్కసారి ఆగిందా, అన్ని పడవలకీ మళ్ళీ నా మూటే. పొతి మాట ఇంకెత్తకూడదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నా."

ఆ సాయంత్రమే వానలో తడుస్తూ పోయి, కట్టేసి ఉన్న పత్రోస్ పడవలో పొతిని ఎక్కించింది జొవీటా. పత్రోస్ తెర మీద రేవును చూశాడు, తన పడవ గుర్తును చూశాడు. "ఇంతలోనే అయిపోయిందా మోళే? మా మనవరాలు ఫోనులో పాట దించుకోవడానికి ఇంతకన్నా ఎక్కువసేపు పడుతుందే!" అన్నాడు, కూతుర్ని పిలిచినట్టే పిలుస్తూ. జొవీటా మొహం విప్పారింది.

నిషేధం ఎత్తేశారు. పొద్దెక్కేసరికి రేవు ఖాళీ. ఆఫీసులో వైర్‌లెస్ సెట్టు గరగరలాడి, పత్రోస్ గొంతు వినిపించింది.

"జొవీటా మోళే! ఏటి మొగ దాటానో లేదో పటం తెల్లబోయింది. సున్నం కొట్టిన గోడలాగుంది. రాయి లేదు, బార్జి లేదు. వల దించమంటావా, వద్దా?"

"దించొద్దు పత్రోస్ చేట్టా! కాసేపు ఆగండి."

హబీబ్ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.  

తెర వంక చూస్తూ జొవీటా వెనక్కి లెక్కేసుకుంది. రేవులో పనిచేసింది, మొగ దాటితే పనిచేయలేదు. తన పనిముట్టు ప్రోగ్రామును కనిపెట్టి చూసింది ఎప్పుడు? నిషేధంలో. పడవలన్నీ కట్టేసి ఉన్నప్పుడు. ప్రోగ్రాం లోతుల పటం తెరిచేది పడవ మొగ దాటి సముద్రంలోకి పోయాకే. కట్టేసిన పడవకు లోతుల పటంతో పనేముంది? ముట్టుకోలేదు. ముట్టుకోలేదు గనక దాన్ని తెరిచే చిన్న ప్రోగ్రాం పొతిలోకి రాలేదు.

"ఇక్కా, దీన్ని నేను రేవులో కూర్చోబెట్టి సముద్రానికి పంపాను," అంది.

హబీబ్ తన మూట పంపబోతున్నవాడిలా కీబోర్డు మీద చేతులు పెట్టి, మళ్ళీ తీసేశాడు. "నాది ఇప్పుడు చేరదు," అన్నాడు నెమ్మదిగా. "చేరాలంటే పడవ వెనక్కి రావాలి. మొదటి రోజు వేట పోయినట్టే."

జొవీటా అప్పటికే పోయినేటి ప్రయాణాల్లోంచి పత్రోస్‌దే ఒకటి తీసింది. పడవ ఎక్కడెక్కడ తిరిగిందో అడుగడుగూ అందులో నమోదై ఉంది. మొగ దాటడం దగ్గర్నించి తిరిగి రేవుకు చేరేదాకా, నిజంగా సముద్రం మీద ఉన్నట్టే ప్రోగ్రామును ఆ దారంతా తిప్పింది. పొతిని పక్కనే ఉంచి చూడమంది. ఈసారి చూడటంతోనే వదల్లేదు. నాకు ఫలానావి కావాలని ప్రోగ్రాం తనలోనే రాసుకున్నదాన్ని కూడా చదివించింది. చూసినదానికీ చదివినదానికీ తేడా వస్తే కట్టకుండా ఆగి తనను అడగమంది. పొతి ఆగింది. అడిగింది. లోతుల పటం తెరిచేదాని పేరు చెప్పింది. జొవీటా ఊఁ అంది. మూట కట్టుకుంది.

"మళ్ళీ మొత్తం పంపాలా?" హబీబ్ కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

"అక్కర్లేదు. అక్కడ ఉన్నది ఉండనే ఉంది. మూట పొరలు పొరలుగా ఉంటుంది, లేని పొర ఒక్కటే పోతుంది."

ఒక గీత సిగ్నల్. పోయింది, వచ్చింది, ఆగింది. పడవ అల మీదికి లేచినప్పుడల్లా కొంచెం ముందుకు జరుగుతున్నట్టుంది.  హబీబ్ టీ చల్లారిపోయింది.

సెట్టు గరగరలాడింది.

"వచ్చేసింది! రాళ్ళొచ్చాయి, ఆ దొంగ బార్జి కూడా వచ్చింది! మోళే, నేను దాని నెత్తిమీదే ఉన్నా! వల దించుంటే మళ్ళీ పీలికలే!" గొంతు ఇంకా పెంచాడు. రేవు పడవలన్నీ వినేటట్టు. "ఒరేయ్ అందరూ వినండిరా! సముద్రం నడిమధ్య పటం బాగుచేసి పంపిందిరా మన రేవు పిల్ల! నేను చాయ తాగి గ్లాసు కడిగేలోగా!"

ఒకరి తర్వాత ఒకరు పడవల వాళ్ళు హారన్లు కొట్టారు. సెట్టు చిన్నది, ఆ మోతకు బల్ల మీద వణికింది. జొవీటా కళ్ళు తుడుచుకోలేదు. నవ్వుతూనే ఉంది. తన చేతులు తనకే కొత్తగా కనిపించాయి.

హబీబ్ చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగేశాడు.

"తెర ఆగింది కదా ఇక్కా," అంది ఆమె, మాట మాటే కనుక. "పొతిని తీసేయమంటారా?"

"తీసెయ్, ఎవరొద్దన్నారు? పత్రోస్ ఒడ్డుకొచ్చాక వాడికి నువ్వే చెప్పుకో," అన్నాడు. తర్వాత తన కుర్చీని ఆమె బల్ల దగ్గరికి పూర్తిగా జరుపుకున్నాడు. "నా తుపాను హెచ్చరికల ప్రోగ్రాం ఉంది చూడు, దాన్నీ కట్టించు. ముందు సముద్రంలో బాగా తిప్పు. తుపానులోనూ తిప్పు. ఒడ్డున కూర్చోబెట్టి మాత్రం కట్టించకు."