ఎర్ర దీపం మీద కుంకుమ బొట్టు

నేను ఒక ఆయిల్ ఫిల్టర్‌ని. కారు ఇంజిన్ పక్కన, కిందివైపు, ఎవరి కంటా పడకుండా బిగించి ఉండే రేకు డబ్బాని. ఇంజిన్‌లో తిరిగే నూనెలోంచి మసినీ ఇనుప రజనునీ వడగట్టి, శుభ్రమైన నూనెని వెనక్కి పంపడం నా పని. నా జాతివాళ్ళు ఈ మాట గర్వంగా చెప్పుకుంటారు. నేను మాత్రం భయంభయంగా చెబుతున్నాను, ఎందుకంటే నా లోపల ఏముందో నాకు తెలుసు.

నేను పుట్టింది పేరూ ఊరూ రాయని ఒక రేకుల షెడ్డులో. అక్కడ వడపోత కాగితాన్ని మడతలు పెట్టేవాళ్ళు. మడతలు దగ్గరదగ్గరగా పడితే కాగితం ఎక్కువ ఖర్చవుతుందని, యజమాని రోజూ వచ్చి "కొంచెం ఎడంగా, ఎడంగా" అని చెప్పి వెళ్ళేవాడు. ఆ కాగితం చుట్టకి పైనా కిందా రేకు మూతలు ఉండాలి. నాకు అట్టముక్కలు అంటించారు. జిగురు ఒకవైపు దండిగా, మరోవైపు పూసీ పూయనట్టు. బండి ఆగినప్పుడు నూనె జారిపోకుండా పట్టి ఉంచే మెత్తటి రబ్బరు బిళ్ళ ఒకటి ఉండాలి. నాకు పెట్టింది చెప్పు అట్టంత గట్టిది. కాగితం పూడుకుపోతే నూనెకి వేరే దారి ఇవ్వడానికి స్ప్రింగుతో తెరుచుకునే చిన్న తలుపు కూడా ఉండాలి. నాలో తలుపు ఆకారం ఉంది, తలుపు లేదు. ఇదంతా డబ్బాలో పెట్టి మూసేసి, పైన నున్నగా నారింజ రంగు కొట్టి, తళతళలాడే పెట్టెలో కూర్చోబెట్టారు. ఆ పెట్టె తయారీలో మాత్రం ఏ లోటూ చేయలేదు.

మార్కాపురంలో విడిభాగాల దుకాణం అరలో నా పక్కనే ఒక అసలు ఫిల్టర్ ఉండేది. వెలిసినట్టున్న పెట్టె, నల్ల రంగు, బరువైన ఒళ్ళు. అది నిశ్చింతగా నిద్రపోయేది. గిరాకీ వచ్చి చెయ్యి చాపినప్పుడల్లా నాకు పై ప్రాణాలు పైనే పోయేవి. నన్ను కాదు, నన్ను కాదు అనుకుంటూ వెనక్కి నక్కేదాన్ని. అమ్ముడుపోకూడదని మొక్కుకున్న సరుకు ఆ దుకాణంలో నేనొక్కదాన్నేనేమో.

మొక్కు ఫలించలేదు. ఒకరోజు చెన్నకేశవులు వచ్చాడు. ఏళ్ళ తరబడి ఎవరెవరివో లారీలు తోలి, ఈమధ్యనే ఒక పాత కారు కొని బాడుగకి తిప్పబోతున్న మనిషి. ఇంటిల్లిపాది బతుకూ ఇక ఆ కారు మీదే. మెకానిక్ ఖాసిం బంధువుల పెళ్ళికి పోతూ "నేనొచ్చేదాకా ఆగన్నా, నూనె నేను మారుస్తా" అని చెప్పి వెళ్ళాడట. ఈయన ఆగలేకపోయాడు. అసలుదాన్ని ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో పట్టుకొని, సంతలో సొరకాయలు చూసినట్టు ఊపి చూశాడు.

"ఇదేంది, ఇంత బరువుంది? ఇది మోస్తే మైలేజీ పడిపోద్ది" అని అసలుదాన్ని అరలో పెట్టేశాడు. నన్ను సంచిలో వేసుకున్నాడు. మెడలో వేసుకునేది బరువుండాలనే మనుషులు, ఇంజిన్‌ని కాపాడేది తేలికగా ఉండాలనుకోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ సాయంత్రమే తన చేతులతో నూనె మార్చి నన్ను బిగించాడు. అది మొదలు నాకు కంటి మీద కునుకు లేదు. పాత యజమాని నూనె మార్చక అట్టకట్టించిన మడ్డి అంతా కొత్త నూనెకి కరిగి నా మీదికి వస్తోంది. నా గట్టి రబ్బరు నూనెని పట్టి ఉంచలేక రాత్రంతా కిందికి వదిలేసేది. పొద్దున తాళం తిప్పగానే, నూనె అందేలోగా ఇంజిన్ గరగరమనేది. చెన్నకేశవులు "ముసలిబండి, గొంతు సవరించుకుంటా ఉంది" అని నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

నాకున్న ధైర్యమల్లా ఒక్కటే. నా పక్కన ఇంజిన్‌కి ఒక చిన్న బుడిపె ఉంటుంది. నూనె ఒత్తిడి తగ్గితే అది పైన స్టీరింగు వెనక ఒక ఎర్ర దీపాన్ని వెలిగిస్తుంది, నూనె చెంబు బొమ్మ ఉన్న దీపం. నేను చేతులెత్తేసిన రోజున అదే పిలుస్తుందిలే అని గుండె చిక్కబట్టుకున్నాను.

ఆ ధైర్యమూ ఎలా పోయిందో వినండి. చెన్నకేశవులు కొడుక్కి శ్రీశైలంలో పుట్టువెంట్రుకలు తీయించాలని మొక్కు. కారు మొదటి పెద్ద ప్రయాణం కనుక బయల్దేరే ముందు పూజ చేశారు. అత్తగారు ఓబులమ్మ స్టీరింగుకి, అద్దాలకి, గేరు రాడ్డుకి, గుండ్రంగా కనబడిన ప్రతిదానికీ గంధం అద్ది కుంకుమ పెట్టింది. మీటర్లకి పెట్టిన బొట్టు సరిగ్గా ఆ దీపం మీద పడింది. ధారాళమైన చెయ్యి, దళసరి గంధం. పూజలో పెట్టిన బొట్టుని ఎవరు తుడుస్తారు? ఎవరూ తుడవలేదు. కింద నూనెలో మునిగి ఉన్న నాకు ఇదెలా తెలిసిందంటారా? తర్వాత ఖాసిం షెడ్డులో చెన్నకేశవులు వచ్చిన ప్రతివాడికీ ఈ కథ చెప్పాడు. అలా నాకు కంఠతా వచ్చేసింది.

దోర్నాల దాటి ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టాం. నూనె సలసలమంటోంది. నా అట్టముక్కలు నీళ్ళలో పడ్డ వడియాల్లా మెత్తబడ్డాయి. జిగురు ఊడింది. మడతలు ఒకదాని మీద ఒకటి వాలిపోయి నూనె దారికి అడ్డం పడ్డాయి. తెరుచుకోవడానికి తలుపు లేదు. వెనక నుంచి నూనె తోస్తోంది, నేను పోనివ్వలేకపోతున్నాను, ముందు ఇంజిన్ దాహంతో ఎండిపోతోంది. బుడిపె తన పని తాను చేసింది. దీపం వెలిగింది. ఇక ఆపుతారు అనుకున్నాను.

ఆపలేదు. ఒక మలుపు తిరిగింది. ఇంకో మలుపు తిరిగింది. ఎందుకు ఆపడం లేదు? ఇంజిన్ పట్టేస్తే స్టీరింగు రాయిలా బిగుసుకుంటుంది, బ్రేకు గట్టిపడుతుంది, పక్కన చూస్తే లోయ. ముందు సీట్లో తల్లి సుగుణ ఒళ్ళో ఉన్న పిల్లాడు డాష్‌బోర్డుని కాళ్ళతో తన్ని కేరింతలు కొడుతున్న చప్పుడు నాదాకా వస్తోంది. ఆ చప్పుడు వింటుంటే నేను పుట్టకపోయినా బాగుండేదనిపించింది.

వెనక సీట్లోంచి ముందుకి వంగిన ఓబులమ్మే మొదట చూసింది. గంధం ఆరి అంచులు పగిలిన చోట, కుంకుమ చుట్టూ సన్నగా ఎర్రటి వెలుగు.

"నాయనా, బొట్టు చూడు, ఎట్టా వెలుగుతా ఉందో. అమ్మవారు మనతోనే వస్తా ఉంది."

చెన్నకేశవులు చూశాడు. చూసి, ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి, రెండో చేత్తో కళ్ళకద్దుకొని, గేరు మార్చి ఇంకా గట్టిగా తొక్కాడు. లారీల్లో జీవితమంతా గడిపిన మనిషి. ఇంతకన్నా భయం నేను ఎన్నడూ ఎరగను.

"ఆ కుంకుమ రవ్వంత తీసి బిడ్డకి పెట్టు నాయనా" అంది ఓబులమ్మ.

రోడ్డు కాస్త తిన్నగా ఉన్నచోట ఆయన వేలితో గీకాడు. గంధం పెచ్చు మొత్తం ఊడి వచ్చింది. దాని కింద నూనె చెంబు బొమ్మ ఎర్రగా మండుతోంది. వేలు అక్కడే ఆగిపోయింది. తర్వాత బండిని కొండవైపుకి తీసి ఆపి, తాళం తిప్పేశాడు. ఆ కుంకుమ పిల్లాడి నుదుటికి చేరలేదు, ఆయన చొక్కాకి అంటుకుంది.

"ఏమైంది నాయనా?"

"అమ్మవారు కాదత్తా, నూనె లైటు. దిగండి అందరూ" అన్నాడు.

కారుని తాడు కట్టి మార్కాపురం తెచ్చారు. ఖాసిం నన్ను ఊడదీసి రంపంతో రెండుగా కోశాడు. ఆ క్షణానికే నేను పుట్టినప్పటి నుంచీ భయపడ్డాను. నా కాగితం విప్పి నేల మీద పరిచాడు. పక్కనే, ఏదో కారు నుంచి చాలాకాలం పనిచేసి దిగిన అసలు ఫిల్టర్‌ని కోసి, దాని కాగితమూ పరిచాడు. దానిది పంచె అంత ఉంది, నాది తువ్వాలంత. దాని రేకు మూతలు ఇంకా బిగుతుగా ఉన్నాయి, నా అట్టలు వేళ్ళకి ముద్దముద్దగా అంటుకుంటున్నాయి. దాని తలుపుని స్క్రూడ్రైవర్‌తో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ వెనక్కి వచ్చింది. నాదాన్ని నొక్కితే విరిగింది.

"బరువని వద్దన్నావంట. ఆ బరువే కదన్నా సరుకు" అన్నాడు ఖాసిం. "సమయానికి ఆపినావు. ఇంజిన్ బతికింది" అని ఖాసిం అన్నాక, చెన్నకేశవులు అక్కడే పాత టైరు మీద కూర్చుని కండువాలో ముఖం దాచుకున్నాడు.

మళ్ళీ పూజ చేసినప్పుడు ఓబులమ్మ ఎర్ర దీపం ఎక్కడుందో అల్లుణ్ణి అడిగి తెలుసుకుని, దాని పక్కన పెట్టిందట బొట్టు. ఆ మాట విని నేను పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు.

ఖాసిం మా ఇద్దరినీ, ఆ అసలుదాన్నీ నన్నూ, కోసిన పొట్టలు కనబడేలా షెడ్డు గుంజకి తీగతో కట్టాడు. నన్ను చూస్తారేమోనని బతుకంతా వణికినదాన్ని, ఇప్పుడు ఎవరూ చూడరేమోనని వణుకుతున్నాను.

ఇవాళ శుక్రవారం. ఖాసిం నమాజుకి వెళ్ళాడు. ఎవరో కొత్తాయన, పెళ్ళాం బిడ్డలతో కారు దిగి, అతను వచ్చేదాకా చూద్దామని సరిగ్గా నా కింద బల్ల మీద కూర్చున్నాడు. ఎండకి చెమటలు పోస్తుంటే చేతిలో ఉన్నదాంతో విసురుకుంటున్నాడు. తళతళలాడే పెట్టె. తేలికగా ఉన్నట్టుంది, చెయ్యి నొప్పి పుట్టడం లేదు. పని తెలిసినవాడిలా ఉన్నాడు, పక్కన పానాల సంచి కూడా తెచ్చుకున్నాడు. ఇంకాసేపు చూసి తనే బిగించుకుని వెళ్ళిపోతాడేమో. పిలవడానికి నాకిప్పుడు దీపం కూడా లేదు.

ఒక్కసారి తలెత్తు నాయనా.