ఇంచి తీసిన లెక్క

మూడో దోసె తిప్పేలోపు ధాత్రి పలక మీది నుంచి మూడుసార్లు దిగింది, మూడుసార్లు ఎక్కింది. చట్నీ గిన్నె కోసం ఒకసారి. బడికి తయారవుతున్న కూతురు తనుశ్రీకి జడరిబ్బను అందివ్వడానికి ఒకసారి. హాల్లో కూర్చున్న అత్త కన్నియమ్మకు వేడినీళ్లు ఇవ్వడానికి ఒకసారి. పలక అంటే పెద్ద వస్తువేం కాదు. కోయగా మిగిలిన ప్లైవుడ్ ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి మేకులు కొట్టినది. సరిగ్గా నాలుగించీల ఎత్తు. పొయ్యి దగ్గర నుంచి సింకు దగ్గరికి పోవాలంటే దిగి, దాన్ని కాలితో తోసుకుంటూ పోయి, మళ్లీ ఎక్కాలి. ఆరేళ్లుగా తోసీ తోసీ వంటింటి గచ్చు మీద ఒక తెల్లటి దారి పడింది.

"ఎక్కేది దిగేది, కోడిపెట్ట గంప మీదికి ఎక్కినట్ల" అంది కన్నియమ్మ. "ఆ పొయ్యి గట్టుకేం తక్కువే? ఇల్లు కట్టేప్పుడు మేస్త్రీ నన్ను నిలబెట్టి, నా మోచెయ్యి చూసి పెట్టినాడు. ముప్పై ఆరించీలు. ఒక్క దినమన్నా నాకు నడుము నొయ్యలేదు."

నిజమే, కన్నియమ్మ పొడుగు మనిషి. ధాత్రి నాలుగడుగుల పదించీలు. కోడలు వచ్చిన మరుసటి వారమే అత్త వంటింట్లోంచి బయటికి వచ్చేసింది. గట్టు మాత్రం ఆమె మోచేతి ఎత్తులోనే ఉండిపోయింది.

ధాత్రి మొగుడు హేమనాథ్ పనే వంటిళ్లు చేయడం. మణవాళనగర్ నుంచి తిరుత్తణి దాకా ఎవరింట్లో కొత్త వంటగది పెట్టాలన్నా అతన్ని పిలుస్తారు. అతనికి మంచి పేరు రావడానికి కారణం ఒకటుంది. ఇంట్లో వండే ఆడమనిషిని పిలిచి, చెప్పులు విప్పి నిలబడమంటాడు. చెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలుస్తాడు. అందులో నాలుగించీలు తీసేసి గట్టు పెడతాడు. "ఎవురు వండుతారో వాళ్ల ఒళ్లే కొలత మేడమ్, గోడ కాదు" అంటాడు. ఆ మాటకు ఆడవాళ్లు కరిగిపోతారు. ఇంతవరకూ మమ్మల్ని ఎవరూ ఇట్లా అడగలేదని ఒకావిడ కళ్లు తుడుచుకుందని అతనే వచ్చి చెప్పాడు. ధాత్రి ఆ రోజు పలక మీద నిలబడి వంకాయలు తరుగుతూ విన్నది.

"మన గట్టు కూడా ఒకసారి చూడు మామా" అంది అప్పుడు.

"పగలగొడితే గ్రానైట్ అంతా పోతుంది. పలక ఉంది గదా" అన్నాడు.

ఉంది. నాలుగించీలు గట్టులో తగ్గించలేదు, ఆమె కాళ్ల కింద కలిపారు. లెక్క ఒకటేనని అతను అనుకున్నాడు.

ఇంచిలో ఎంత పడుతుందో ధాత్రికి చిన్నప్పుడే తెలుసు. వాళ్ల నాయన పొదటూరుపేటలో మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. అగ్గిపెట్టెంత మడతలద్దం ఒకటి ఉండేది ఆయన దగ్గర. దాని కింద గుడ్డ పెడితే ఒక చదరపు ఇంచి పెద్దదిగా కనిపిస్తుంది. "ఎన్ని పోగులో ఎంచు పాప" అనేవాడు. సూదిమొనతో ఒక్కొక్క పోగునూ జరుపుతూ ఎంచేది. పలచన గుడ్డలో నలభై, మంచి గుడ్డలో అరవై. బయటి నుంచి చూస్తే బొటనవేలి వెడల్పు. లోపల అరవై పోగులు, ఒకటి తెగినా నేతలో కనిపిస్తుంది. ఊరి తెలుగు బడిలో సుందరరాజులు సారు భిన్నాలు చెప్పేటప్పుడు ఆ పిల్లకు కష్టమే అనిపించలేదు. అర, పావు, అరపావు అంటే ఆమెకు పోగుల కట్టలు.

పెళ్లయి వచ్చాక చూస్తే లోకమంతా ఇంచీల్లోనే ఉంది. రవికె వెనక మెడ ఇంచీల్లోనే, కొళాయి పైపు ఇంచీల్లోనే, చేతిలో ఫోను ఇంచీల్లోనే. ముక్కాలించి పైపును ఎటు నుంచి కొలిచినా ముక్కాలించి రాదు, అది పేరు మాత్రమే. ఇంటికి నలభై మూడించీల టీవీ వచ్చిన రోజు కన్నియమ్మ టేపు పెట్టి చూసి లబోదిబోమంది. అడ్డంగా ముప్పై ఏడున్నరే ఉంది. "అయిదున్నర ఇంచీలు మింగినార్రా!" అని కొడుకును లేపింది. హేమనాథ్ కూడా కాసేపు తల గోక్కున్నాడు. ధాత్రి టేపు తీసుకుని కింది మూల నుంచి పై మూలకు ఏటవాలుగా పెట్టింది. నలభై మూడు.

"నాకు తెలుసు, ఊరికే అమ్మను ఆటపట్టించినా" అన్నాడు హేమనాథ్.

అతనికి కొలవడం వచ్చు. లెక్క రాదు. ఇంచిలో ఎనిమిదో వంతును వడ్రంగులు నూలు అంటారు. అతను రాసుకొచ్చే కొలతలు ఇంచీల్లో, నూళ్లలో ఉంటాయి. తిరువళ్లూరులో శివప్రకాశం అనే ఆయనకు ప్లైవుడ్ కోసే మిషన్ ఉంది. దానికి మిల్లీమీటర్లు చెప్పాలి. ఇరవై మూడించీల మూడు నూళ్లు అంటే అయిదువందల తొంభై నాలుగు. అందులో ప్లైవుడ్ మందం తీయాలి, తలుపుల సందు తీయాలి, అంచుపట్టీ తీయాలి. ఈ తీసివేతలన్నీ ధాత్రివి. నాలుగేళ్లుగా ప్రతి వంటింటి కోత లిస్టూ ఆమే వేస్తోంది, పొద్దున దోసెలకూ మధ్యాహ్నం బట్టలకూ నడుమ. ఆ కాగితాన్ని శివప్రకాశం మిషన్ పక్క గోడకు అతికించుకుని కోస్తాడు. వచ్చిన వడ్రంగులందరికీ చూపిస్తాడు. "లెక్కల పులి మా హేమనాథ్. రాత చూడండయ్యా, ముత్యాలు" అంటాడట. హేమనాథ్ ఆ మాటను ఇంటికి మోసుకొచ్చి, నవ్వుతూ చెప్పి, చెయ్యి కడుక్కుని అన్నానికి కూర్చుంటాడు.

ఆ లెక్కలో ఒక తీసివేత మాత్రం వాళ్లిద్దరికే తెలుసు. హేమనాథ్ పాత టేపు కొస విరిగిపోయింది. మొదటి ఇంచి లేదు. అందుకని ఒకటో గీత దగ్గర మొదలుపెట్టి కొలుస్తాడు. వచ్చిన ప్రతి అంకె ఒక ఇంచి ఎక్కువ. పుస్తకంలో అట్లాగే రాసుకొస్తాడు. ఇంట్లో ధాత్రి ఆ ఇంచి తీసేస్తుంది. కొత్త టేపు కొనుక్కోమంటే "ఇది చేతికి వాటం" అనేవాడు.

పోయిన నెల మింజూరులో ఒకరింటి సిమెంటు గూళ్లకు తలుపులు ఒప్పుకున్నాడు. పన్నెండు తలుపులు. ధాత్రి ఎప్పటి మాదిరే ఇంచి తీసి లిస్టు వేసింది. తలుపులు పోయాయి, బిగించబోతే ప్రతి తలుపూ ఎత్తులో ఒక ఇంచి, వెడల్పులో ఒక ఇంచి తక్కువ. గూళ్లు పళ్లు బయటపెట్టి నవ్వినట్లున్నాయి.

ఆ సాయంత్రం హేమనాథ్ హాల్లో నిలబడి ఫోనులో అందరికీ చెప్పాడు. మింజూరు ఆయనకు, శివప్రకాశానికి, పక్కవీధి బావకు. "నేను కొలిచింది కరెక్టే సార్. లిస్టు మా ఇంట్లో వేసింది. ఆడమనిషి గదా, ఇంచి తప్పింది."

ధాత్రి తడి బట్ట పట్టుకుని వంటింటి వాకిట్లో నిలబడింది. నాలుగేళ్లలో ఆ పనిలో ఆమె ఉందని బయటివాళ్లకు తెలిసింది ఆ రోజే.

"పొట్టిదాని లెక్క పొట్టిగానే వస్తుంది" అని కన్నియమ్మ నవ్వింది. హేమనాథ్ కూడా నవ్వాడు, తేలికపడినవాడిలా.

మరునాడు అతని సంచి దులుపుతుంటే పసుపుపచ్చ కొత్త టేపు కింద పడింది. కొసకు కొక్కెం నిగనిగలాడుతోంది, మొదటి ఇంచి ఉంది. ప్లైవుడ్ కంపెనీవాళ్లు ఊరికే ఇచ్చినది. ఆమె దాన్ని అతని ముందు పెట్టింది.

"మింజూరు దీంతోనే కొలిచినావా మామా?"

అతను టేపును చూశాడు, ఆమెను చూడలేదు. "ఏ టేపైతే ఏమి? అడగాలని నీకు తెలీదా?"

"ఎవురికన్నా చెప్తావా, నా తప్పు కాదని?"

"ఇప్పుడు మళ్లీ ఫోన్ చేసి ఏమని చెప్పేది? అయిపోయింది. వదిలేయ్. నీకేం పోయింది, నిన్ను వాళ్లు చూసినారా, నువ్వెవురో తెలుసునా?"

ఆమె వదల్లేదు. నెల రోజులు పలక ఎక్కింది, దిగింది. వంటింటికి రెండడుగుల కిటికీ ఉంది, దానికి ఎదురుగా పక్కింటి గోడ. అంట్లు తోముతున్నప్పుడు ఆ గోడనే చూస్తూ ఒకటే ఆలోచించేది. ఒప్పయినవన్నీ అతనివి. అరవై వంటిళ్లు. తప్పయిన పన్నెండు తలుపులూ ఆమెవి. వాళ్ల నాయన అయితే తెగిన పోగును చూపించి ఎవరి మగ్గమని అడిగేవాడు. కానీ మంచి గుడ్డను చూపించి కూడా అదే అడిగేవాడు.

నిన్న మధ్యాహ్నం తిరుత్తణి కొలతల పుస్తకం ఆమె ముందు పడింది. "రేపు పొద్దున ఎనిమిదికి శివప్రకాశం దగ్గర ఉండాల. కొత్త టేపే, ఏమీ తీయొద్దు. ఈసారన్నా సరిగ్గా వెయ్యి." పేజీ పైన ఎప్పటి మాదిరే రాసి ఉంది: వళ్ళియమ్మ, మోచేయి ముప్పై తొమ్మిది, గట్టు ముప్పై అయిదు. కింద ఇరవై ఆరు కొలతలు. ఆ వళ్ళియమ్మ ఎవరో ధాత్రి ఎన్నడూ చూడలేదు, కానీ ఆమె మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంటుందో తెలుసు.

అన్నీ వేసింది. రెండుసార్లు సరిచూసింది. అప్పుడు తనుశ్రీ రంగుల డబ్బాలోంచి ఎర్ర స్కెచ్ పెన్ను తీసుకుంది.

ఇప్పుడు ఆఖరి దోసె పళ్లెంలో వేస్తుంటే హేమనాథ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. "లిస్టేదే?"

డబ్బాల మధ్య పెట్టిన కాగితాన్ని తీసి ఇచ్చింది. అతను తీసుకుని, అక్కడే ఆగిపోయాడు. అంకెలన్నీ ఎప్పటిలాగే వరసగా ఉన్నాయి. వాటి మీదుగా, కింది ఎడమ మూల నుంచి పై కుడి మూల దాకా, టీవీని కొలిచినట్లు ఏటవాలుగా, ఎర్రటి అక్షరాలు. శివప్రకాశం చదవగలిగేలా తమిళంలో రాసింది: లెక్క వేసినది ధాత్రి.

"ఏందిది?"

"తప్పు వస్తే ఎవురిదో తెలియాల గదా మామా."

"తమాషాగా ఉందా? ఇది గోడకు అతికిస్తాడు వాడు. నలుగురూ చూస్తారు."

"చూడనీ."

"మళ్లీ రాయి."

"రాస్తా. గంటన్నర పడుతుంది. దీన్ని చూసి నువ్వే రాసుకున్నా సరే."

అతను కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. పేరు కిందనో పక్కనో ఉంటే చించేసి ఉండేవాడు. ఒక్కో అక్షరం రెండేసి అంకెల నడుమ కూర్చుంది. ఎక్కడ చించినా ఒక తలుపు పోతుంది. చూసి రాద్దామంటే ఒక్క అంకె తారుమారైనా పసిగట్టడం అతనికి రాదు. జేబులో ఫోను మోగింది. స్పీకరులో శివప్రకాశం తమిళం కలిసిన గొంతు: "ఎన్న హేమనాథ్, లిస్టు రెడియా? మిషన్ ఖాళీగా ఉంది, తొందరగా వా."

"వస్తా వస్తా" అని పెట్టేశాడు.

"ఏమైందిరా?" హాల్లోంచి కన్నియమ్మ అడిగింది. "దోసె చల్లారిపోతోంది, తినిపో."

ధాత్రి పలక మీదనే నిలబడి ఉంది. చెయ్యి గట్టు అంచు మీద ఆనించింది. పలక దిగలేదు. ఆ నాలుగించీల వల్ల ఆమె కళ్లు సరిగ్గా అతని కళ్ల ఎదుట ఉన్నాయి.

హేమనాథ్ కాగితాన్ని రెండుగా మడిచాడు. మళ్లీ మడిచాడు. దోసె వైపు చూడలేదు. ఆమె పేరు చొక్కా జేబులో పెట్టుకుని గడప దాటి వెళ్లిపోయాడు.