మట్ట దాటని బస్సు

నర్సు మేయా మందు సీసాలను ఒక్కొక్కటే గోతిలో పారేస్తుంటే తల్లులు చుట్టూ నిలబడి చూశారు. పసిపిల్లల టీకాలవి. కిరోసిన్‌తో నడిచే ఫ్రిజ్ నూనె లేక ఆగిపోయి మూడు రోజులైంది.

"చల్లదనం పోయిన మందు పొడిచినా ఒకటే, పొడవకపోయినా ఒకటే" అంది మేయా.

వాళ్ల తలల మీదుగా లావుపాటి తీగలు ఝుమ్మని మోగుతున్నాయి. ఊరి పక్క గ్యాసు ప్లాంటులో పుట్టిన కరెంటు ఊరి మీదుగా రాజధాని పోర్ట్ మోర్స్‌బీ పట్నానికి పోతోంది. ఊళ్లో ఒక్క గుమ్మం ముందూ దిగదు.

కోనియో చంకలో మనవరాలిని సర్దుకుంది. పక్క ఊళ్లో పిల్లలకు అప్పటికే తట్టు పోసింది.

"మళ్లీ మందు ఎప్పుడొస్తుందే?"

"వస్తే మాత్రం ఎక్కడ పెట్టను వదినా? నా నెత్తినా?"

ఆదివారం ప్రార్థన కాగానే జనం చర్చి ముందే కూర్చున్నారు. ఊరికి కరెంటు ఇమ్మని మూడేళ్ల నుంచి అర్జీలు. తీగ దింపాల్సింది కరెంటు బోర్డని కంపెనీ అంటుంది. కంపెనీని అడగమని బోర్డు అంటుంది.

కోనియో మరిది వాగి లేచాడు. ప్లాంటు షిఫ్టు బస్సు నడిపేది అతనే.

"ఈ ఏడు వానల్లేవు. పైన కరెంటు తీసే ఆనకట్టలో నీళ్లు అడుగంటాయి. పట్నం ఇప్పుడు మన గ్యాసు మీదే బతుకుతోంది."

"మనదని ఇన్నాళ్లకి గుర్తొచ్చిందా?" ముసలి హితోలో ఎత్తిపొడిచాడు. "పొద్దున్నే హారన్ కొట్టుకుంటూ వాళ్లకి మనుషుల్ని చేరేసేది నువ్వేగా."

"తిట్టు మావా. నా పిల్లలకీ టీకా పడలేదు."

"ప్లాంటు ఆపేద్దాం" అన్నారు కుర్రాళ్లు.

"పట్నం ఆస్పత్రిలో ఊపిరి మిషను మీద పడుకున్నోడు కంపెనీ వాడా?" మేయా గొంతు పెంచింది.

"ఇంజన్లు ఆరు" అన్నాడు వాగి. "రెండు తిరిగితే ఆస్పత్రికీ నీళ్ల పంపులకీ చాలు. అవి ఆపబోమని లోపలి షిఫ్టువాళ్లు మాటిచ్చారు. కొత్త షిఫ్టు లోపలికి పోకపోతే మిగతా నాలుగూ తిరగవు."

"అయితే గేటుకి మట్ట కడదాం" అంది కోనియో.

పచ్చి కొబ్బరి మట్ట అడ్డం కట్టిన చోటు ఆ తీరంలో ఎవరూ దాటరు. దాన్ని కట్టిన చెయ్యే విప్పాలి.

సోమవారం పొద్దున బస్సు మట్టకి పదడుగుల దూరంలో ఆగింది. ముప్పైమంది కార్మికులు దిగారు. మట్టను చూశారు. నీడన కూర్చుని పోకచెక్క నమలసాగారు.

మేనేజరు ఆ దేశానికి వచ్చి రెండేళ్లు. "ఒక్క ఆకుకి ఇంత భయమా? తీసెయ్" అన్నాడు కాపలావాడితో.

"కట్టింది నా చెయ్యి కాదు సార్."

పోలీసు ట్రక్కు వచ్చింది. సార్జెంటు కొండ సీమవాడు. అయినా అతనూ మట్టకి ఇవతలే ఆగాడు.

"ఎవరు కట్టారు?"

"నేనే తమ్ముడూ" అంది కోనియో.

"విప్పక్కా. ఎందుకొచ్చిన గొడవ."

"టీకాల గదికి తీగ దింపమను. ఈ చేత్తోనే విప్పుతా."

"మాటలేంటి, అరెస్టు చెయ్" అన్నాడు మేనేజరు.

సార్జెంటు అతనికేసి తిరిగాడు. "సార్, ఈమెను తీసుకుపోతే విప్పేదెవరు?"

"ముందు ఎక్కించవయ్యా."

కోనియో చంకలోని మనవరాలిని ముసలి హితోలో చేతికిచ్చి తానే ట్రక్కెక్కింది. సంకెళ్లు పడ్డాయి. భయమేసింది. ట్రక్కు కదలబోతుండగా మేయా ఇంకో మట్ట తెచ్చి మొదటిదాని పక్కన కట్టింది. ఆమె వెనక మరో తల్లి. ఆ వెనక వాగి, కంపెనీ చొక్కాతోనే. నీడన కూర్చున్న కార్మికులు పోకచెక్క ఉమ్మేసి, ఒకరి తర్వాత ఒకరు లేచి కొబ్బరి చెట్ల వైపు నడిచారు.

మట్టల వెనక గేటు కమ్మీలు కనబడకుండా పోతున్నాయి. మేనేజరు ఫోన్లో ఎవరికో అరుస్తున్నాడు.

"ఇంకా ఎంతమంది ఉన్నారక్కా?" సార్జెంటు మెల్లగా అడిగాడు.

కోనియో అతని ముఖంలోకి చూసింది.

"మీ దగ్గర ట్రక్కులెన్ని ఉన్నాయి తమ్ముడూ?"