కంగారుపడే మనిషి

భర్త చొక్కా కాలరు నెస్టా ఇస్త్రీ చేస్తుంటే రోద్రి వెనకనుంచి అన్నాడు: "ఓల్వెన్ ప్రాబర్ట్ అని ఇవాళ నీ దగ్గరికి ఒక ఫైలు వస్తుంది. గుండెపోటు. కారణం రాసింది మా క్లినిక్ డాక్టరు కారిస్, నా సంతకం లేదు. గెథిన్ గురువారందాకా రాడుగా, నువ్వే కానిచ్చెయ్."

ఆ వేల్స్ లోయ పట్టణంలో ఎవరు పోయినా, వైద్యం చేసిన డాక్టరు కారణం రాస్తే సరిపోదు. ఏ సంబంధమూ లేని మరో డాక్టరు రికార్డులు చదివి, ఇంటివాళ్ళతో మాట్లాడి సరేనన్నాకే మరణం నమోదవుతుంది. నెస్టాది ఆ పని. భర్త క్లినిక్ ఫైళ్ళు మాత్రం ఆమె ముట్టకూడదు, తోటి డాక్టరు గెథిన్ చూస్తాడు. పిల్లల కోసం ఆపరేషన్ థియేటరు వదులుకుని, నలభై తొమ్మిదో ఏట వారానికి మూడు రోజుల ఈ ఉద్యోగంలో చేరినప్పుడు, మా ఆవిడకు ఎదురుచెప్పని పేషెంట్లు దొరికారని రోద్రి స్నేహితుల్ని నవ్వించాడు. ఆ రోజు వంటా నెస్టాదే, గిన్నెలు కడగడమూ ఆమెదే. అందరితోపాటు తనూ నవ్వింది.

ముట్టకూడదని తెలిసీ ఫైలు తెరిచింది. ఇరవై మూడేళ్ళుగా అతను కానిచ్చెయ్ అన్న ప్రతిదీ కానిచ్చిన చేతులవి.

ఓల్వెన్ బడిలో వంటమనిషి. యాభై రెండేళ్ళు. వీపు నొప్పి, దవడ లాగడం, మెట్లెక్కితే ఆయాసం అంటూ ఆరు వారాల్లో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ చూసింది రోద్రి. ముట్టుడిగే వయసని ఒకసారి రాశాడు, నిద్ర చాలడం లేదని ఇంకోసారి. మూడోసారి ఒకటే వాక్యం: ఊరికే కంగారుపడే మనిషి. ఈసీజీ తీయలేదు. నెస్టా ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది. రెండో కాన్పు తర్వాత రక్తం ఆగడం లేదని తను మొత్తుకుంటే, అత్తగారి ముందు అతను అన్నదీ ఇదే మాట. మరో రెండు గంటలకు తనను స్పృహలేకుండా ఆస్పత్రికి మోసుకెళ్ళారు. ఆ మాట ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, తనతో సహా.

అంతలో ఓల్వెన్ కూతురు లౌరి ఫోన్ చేసింది. "మీరే చేస్తారన్నారు, ఆగలేకపోయానండీ. డాక్టరుగారి టైము తినేస్తున్నానని అమ్మ సిగ్గుపడిపోయింది. మళ్ళీ వెళ్దామంటే రానంది. నాలుగో రోజు బడి వంటింట్లోనే పడిపోయింది. నేను ఇంకాస్త గట్టిగా అనాల్సిందేమో."

ఈ ఫైలు తను చూడకూడదనీ, ఆ డాక్టరు తన భర్తేననీ నెస్టా చెప్పింది.

"అయితే ఇక ఇంతేనా?" అంది లౌరి.

ఇంతే కాదంది నెస్టా. తప్పు నీది కాదని చెప్పి, ఆ పిల్ల మాటలన్నీ చెప్పినవి చెప్పినట్టే రాసుకుంది. ఫైలు ఎందుకు తెరిచిందో, ఎవరు అడిగితే తెరిచిందో కూడా కింద రాసి, గెథిన్‌కు పంపేసింది.

గురువారం గెథిన్ దాన్ని మరణ విచారణకు పంపాడు. ఎవరో వంటమనిషి కోసం సంసారం తగలబెట్టుకుంటావా అన్నాడు రోద్రి. ఫైలు తెరిచినందుకు నెస్టాను ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు.

మూడు నెలలకు విచారణ జరిగింది. లౌరి ముందు వరసలో కూర్చుంది. ఓల్వెన్‌ను చూసిన డాక్టరు మీకేమవుతారని అధికారి నెస్టాను అడిగాడు.

"ఈ ఫైలు చదివేదాకా భర్త," అంది నెస్టా.